బావ పెంచిన జువ్వి

మా బావ మంచివాడని అందరూ ఒప్పుకుంటారు. తాగడు, కొట్టడు, గొంతు పెంచడు. నిలువెత్తు ఎదగాల్సిన చెట్లని జానెడు పళ్ళెంలో నిలబెడతాడు, అంతే. ఆయన బోన్సాయ్‌లు చూసి "ఎంత ఓపికో" అని మురిసిపోయినవాళ్ళలో మా అమ్మ మొదటిది. అంత ఓపికున్న మగాడు మళ్ళీ దొరకడని అక్కని రెండో పెళ్ళివాడికిచ్చి చేసింది. మొదటి భార్య మెట్ల మీద జారిపడి పోయిందన్నారు. మేమూ సరేనన్నాం.

నాలుగేళ్ళుగా అక్క మా ఇంటికి రాలేదు. ఫోన్లో గొంతు కూడా రానురాను సన్నబడిపోయింది. ఆ మధ్యాహ్నం బావ ఏదో ప్రదర్శనకి వెళ్ళాడని తెలిసి, అక్కని తీసుకొచ్చేద్దామనే వెళ్ళాను.

తలుపు తీసిన మనిషి నా భుజం దాకా కూడా లేదు. ఒకప్పుడు నన్ను "పొట్టిదానా" అని ఏడిపించిన అక్క.

"ఏంటక్కా, ఇలా అయిపోయావు?"

"గుడ్డ కలిసొస్తోందిలేవే," అని నవ్వింది.

చెయ్యి పట్టుకుని గేటు దాకా లాక్కొచ్చాను. గేటు దాటిందో లేదో, మోకాళ్ళు విరిగినట్టు కూలబడింది.

"నేను రాలేనే. పైగదిలో నాదొక చెట్టుంది. పెళ్ళినాడు నాటాడు. దాని వేర్లు కోసినప్పుడల్లా నేనింత తగ్గుతాను. అది ఇక్కడుండగా నేను కదల్లేను."

"ఏది నీది?"

"పై అరలో చిన్న జువ్వి. పక్కన రాతి పళ్ళెంలో ముసలిది ఆవిడది. ఆవిడ చిటికెన వేలి ఉంగరం ఇంకా దాని కొమ్మకే ఉంది."

ఆవిడంటే మొదటి భార్య. అక్కకి మతి పోయిందనుకున్నాను. అయినా కుండీ కోసమే అయితే కుండీతో సహా తీసుకుపోతే సరి. తనని వరండాలో కూర్చోబెట్టి పైకెక్కాను.

వాన ముసురుకి గదంతా మసకగా ఉంది. లైటు వెలగలేదు. తడి మట్టి వాసన... దాని అడుగున మానని పుండు వాసన. ఎక్కడో చుక్క చుక్కగా నీళ్ళు పడుతున్నాయి. చిన్న జువ్వి కొమ్మలకి చుట్టిన రాగితీగ బెరడులోకి దిగిపోయింది. తీగ కొసని అరలో మేకుకి బిగించాడు. గబగబా విప్పడం మొదలుపెట్టాను. ఒక చుట్టు... ఇంకో చుట్టు. తీగతో పాటే బెరడూ లేచొచ్చింది.

కింద అక్క అరిచింది.

బెరడు కింద ఎర్రగా ఉంది. తడిగా ఉంది.

"తీగ విప్పకూడదు మరదలా."

గుమ్మంలో బావ. వానకి తడిసిన చొక్కా.

"దిగబడిన తీగని ముక్కలుగా కత్తిరించి తియ్యాలి. విప్పితే తోలు ఊడిరాదూ? మీ ఇంట్లో అందరికీ తొందరే."

"అక్కని తీసుకెళ్తున్నాను బావా. అడ్డు లేవండి."

"తీసుకెళ్ళు. నా చెట్టు వదిలేసి వెళ్ళు." కత్తెర అందుకుని చిన్న కొమ్మకి ఆనించాడు. "ఇంకాస్త తగ్గిస్తే ముద్దుగా ఉంటుంది మీ అక్క."

టక్.

కింద అరుపు... మధ్యలోనే తెగిపోయింది.

నా చేతికందింది పక్కనున్న రాతి పళ్ళెం. చెట్టుతో సహా ఎత్తి ఆయన మొహాన కొట్టాను. ముక్కెముక చితికిన చప్పుడు వినబడింది. మళ్ళీ కొట్టాను. పళ్ళెం పగిలింది. ఆయన వెల్లకిలా పడ్డాడు. ముసలి జువ్వి ఆయన ఛాతీ మీద పడింది.

దాని వేర్లు కదిలాయి.

వెంట్రుకల్లాంటి వేర్లు... గడ్డం మీదుగా... పళ్ళ సందుల్లోంచి... కంటి కొసల్లోకి. ఆయన పీకేకొద్దీ పెదవులు చీల్చుకుని లోపలికి దిగాయి. రక్తం చెవుల్లోకి కారుతోంది.

"లాగు..." అన్నాడు నన్ను చూసి. అప్పుడు కూడా గొంతు పెంచలేదు. పెంచడానికి గొంతులో చోటు లేదు.

నేను లాగలేదు. కత్తెరతో తీగ తెంపి, కుండీ చంకన పెట్టుకుని దిగాను.

అక్క చిటికెన వేలు వరండా మెట్టు మీద పడి ఉంది. మోచేతి దగ్గర తోలు వేలాడుతోంది. నా చున్నీ చుట్టి, కుండీ తన చేతికిచ్చి నడిపించాను. ఈసారి గేటు దాటింది.

ఆసుపత్రిలో కుట్లు వేశారు. జువ్విని మా పెరట్లో నేలలో నాటాను. అక్క తింటోంది, నిద్రపోతోంది. బావ కోసం ఇంకా వెతుకుతున్నారు. ఆ గదిలో మట్టి తప్ప ఏమీ లేదట.

ఇవాళ కట్టు విప్పాను. చిటికెన వేలు పోయినచోట లేత గోళ్ళతో రెండు మొలిచాయి. అక్క వాటిని మెల్లగా ఆడించి చూసుకుంది.

"ఇది నాది," అంది మొదటిదాన్ని పట్టుకుని.

రెండోదాన్ని ముట్టుకోలేదు. దాని మొదట్లో, ఏళ్ళ తరబడి ఉంగరం ఒరుసుకుని పడిన మచ్చ ఉంది. మా అక్క చిటికెన వేలికి ఎన్నడూ ఉంగరం పెట్టుకోలేదు.