జానెడు తాడు

సాయంత్రం అయిదైంది. పొద్దుట పట్టిన ముసురు ఇంకా వదల్లేదు. ఉప్పలగుప్తం అవతల రొయ్యల చెరువు గట్టు మీద పాపాయమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని జారుతూ నడుస్తోంది. కూతురు చిట్టిని ఇంటికి తెచ్చుకోవాలి. ఇవాళ తేకపోతే రేపు శవాన్నే తేవాలి.

చిట్టి రెండేళ్లుగా చెరువు కాపలా సూరయ్యతో ఉంటోంది. పేరుకి మద్యనిషేధమే గానీ యానాం సీసాలు గట్టు దాకా నడిచొచ్చేవి. తాగి అతను చిట్టి పన్ను రాలగొట్టేడు. అది అతని వీపు మీద కాగే గంజి పోసింది. మర్నాడు ఒకే కంచంలో తిన్నారు. మత్తులో ఒకరు చెరువులో పడితే రెండోవాళ్లు లాగాలని, సీసా మూత తీసేముందు ఇద్దరి మణికట్లకీ ఒకే నైలాను తాడు కట్టుకునేవారు.

కాపలా పాక ముందు చిట్టి బోర్లా పడి ఉంది. సూరయ్య గట్టు వాలులో జారిపోయి, నీళ్లకి మూరెడు పైన ఆగేడు. తాడు బిగుసుకుంది. చిట్టి బరువే అతన్ని పట్టి ఉంచింది.

పాపాయమ్మ పాక చూరులోంచి కొడవలి తీసింది.

సూరయ్య కళ్లు విప్పేడు. "అత్తయ్యగారా? తాళి లేకపోయినా ముడి మాత్రం గట్టిదేనండోయ్..." కొడవలి చూసి నవ్వు ఆపేడు. "కొయ్యకండి. నాకు ఈత రాదండి."

"ఆయ్. కొయ్యన్లే. పడుకో."

కోసింది.

"చిట్టీ..." అని ఒకసారి వినబడింది. రెండోసారి సగమే. బుడగలు ఆగేదాకా పాపాయమ్మ కూతురి చెవులు మూసి కూర్చుంది.

తూలుతున్న కూతుర్ని నడిపించుకుని ఇల్లు చేరేసరికి దీపాల వేళ. తలుపు గడియ పెట్టింది. చిట్టి చాప మీద వాలిపోయింది. మణికట్టుకి జానెడు తాడు మిగిలింది. తడిసిన ముడి ఎంత లాగినా ఊడలేదు.

"అమ్మా... ఆడేడే?"

"వత్తాడులే."

"వచ్చేడుగా... లాగుతున్నాడు."

చెరువు నీచు కంపు. పాపాయమ్మ దీపం ఎత్తింది.

జానెడు తాడు... చాప దాటింది. గచ్చు దాటింది. తలుపు కిందనుంచి బయటికి పోయింది. తడిగా. బిగుతుగా. చిట్టి చెయ్యి మెల్లిగా గుమ్మం వైపు జరుగుతోంది...

ఇంటికి క్షేమంగా చేరినవాళ్లని లెక్కపెట్టుకుంది. తను ఒకటి. చిట్టి రెండు.

తాడు వదులైంది. పట్టుకున్నవాళ్లు దగ్గరికొస్తే వదులయ్యేటట్టు.

పాపాయమ్మ మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. తను ఒకటి...