పిట్ట వెనకాల రాత

"ఒలే, ఆ వెదురుపుల్ల మరీ ఒంచకు. విరిగిపోద్ది," అంది సలోమి అత్త.

జ్యోతిర్మయి ఇంకొంచెం ఒంచింది. పుల్ల టప్పుమంది.

"చెప్పినానా?"

"చెప్పినావు అత్తా. ఇంకో పుల్ల ఇయ్యి," అంది జ్యోతిర్మయి, ఏమాత్రం సిగ్గుపడకుండా.

మన జ్యోతిర్మయి సంగతే అంత. చేతులు మహా చురుకు, చెవులే కాస్త నెమ్మది. కాగితం, కత్తెర, మైదా జిగురు ఇచ్చి కూర్చోబెడితే చాలు, అన్నం సంగతి కూడా మరిచిపోతుంది.

ఆరోజు ఆదివారం. క్రిస్మస్ ఇంకా వారం ఉంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పక్కపక్క క్వార్టర్లు వాళ్లవి. జ్యోతిర్మయి నాన్న చిన్నారావు లోకో షెడ్డులో ఫిట్టరు. సలోమి అత్త రైల్వే ఆసుపత్రిలో నర్సు. డిసెంబరు వచ్చిందంటే జ్యోతిర్మయి కాపురం అత్త వరండాలోనే. ఇద్దరూ కలిసి వెదురుపుల్లలతో నక్షత్రం కట్టి, ఎర్ర కాగితం అంటిస్తారు. పశువుల పాక బొమ్మ కట్టి, దాని మీద మంచులాగా దూది పరుస్తారు. అన్నిటికన్నా చివర, గోడకి అడ్డంగా సుతిలి తాడు కట్టి, తనకి ఇన్నేళ్లలో వచ్చిన గ్రీటింగు కార్డులన్నీ అత్త స్టూలెక్కి క్లిప్పులతో తగిలిస్తుంది.

ఆ కార్డులన్నీ ఒక పెద్ద బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. జ్యోతిర్మయి కళ్లు పొద్దుటినుంచీ ఆ డబ్బా మీదే ఉన్నాయి.

"అత్తా, బడిలో కార్డుల పోటీ ఉంది. ఫస్ట్ వస్తే ఇరవై నాలుగు రంగుల డబ్బా ఇస్తారంట. పాత కార్డు ఒకటి ఇస్తావా? బొమ్మ కత్తిరించి కొత్త కార్డు చేస్తాను."

అత్త గడియారం చూసుకుంది. రెండింటికి డ్యూటీ. చీర కొంగు సర్దుకుంటూ, "అచ్ఛా, తీసుకో. కానీ లోపల రాత లేనివే తియ్యాల. రాత ఉన్నది ముట్టుకోకు. ఇన్నావా?" అంది.

"ఇన్నాను అత్తా."

అత్త సైకిలు మీద వెళ్లిపోయింది.

జ్యోతిర్మయి డబ్బా బోర్లించింది. గంటలు, కొవ్వొత్తులు, గొర్రెపిల్లలు. రాత లేనివి ఐదారు దొరికాయి. అన్నీ వెలిసిపోయినవే. అప్పుడు అడుగునుంచి ఒకటి బయటపడింది. మంచు కొమ్మ మీద చిన్న పిట్ట. దాని గుండె ఎర్రగా, దాని చుట్టూ మెరిసే చమ్కీ. ఏటా తాడు మీద ఎత్తున చూసిందే గాని, ఆ పిట్టని ఇంత దగ్గరగా జ్యోతిర్మయి ఎప్పుడూ చూడలేదు.

కార్డు విప్పింది. లోపల రెండు పక్కలా నీలం పెన్నుతో రాత. తెలుగు రాత.

జ్యోతిర్మయి తెలుగు గడగడా మాట్లాడుతుంది. చదవడం మాత్రం రాదు. బడిలో అన్నీ హిందీలోనే. ఆ గుండ్రటి అక్షరాలు దానికి జిలేబీ చుట్టల్లా కనిపించాయి.

'బిలాస్‌పూర్‌లో ఇవి ఎవరు చదువుతారు? ఇన్ని కార్డుల్లో ఒకటి తగ్గితే అత్తకి ఏటి తెలుస్తుంది?' అనుకుంది. మనసులో ఏదో కాస్త గీరుకుంది గాని, అప్పటికే కత్తెర చేతిలో ఉంది.

పిట్ట చుట్టూ కత్తిరించి నీలం అట్ట మీద జిగురు పూసి అంటించింది. అద్భుతంగా కుదిరింది. మిగిలిన ముక్కలు పారెయ్యడానికి చేతులు రాలేదు. వాటిని పొడుగ్గా పట్టీలు కోసి, రాత లోపలికి పోయేలా చుట్టి, ఒకదాంట్లో ఒకటి గుచ్చి గొలుసు చేసింది. ఆ గొలుసుని నక్షత్రానికి తోకలా వేలాడదీసింది.

డ్యూటీ ముగించుకుని రాత్రికి వచ్చిన అత్త ఆ తోక చూసి మురిసిపోయింది. "ఎంత బాగుందే గుంటా! నీ చేతుల్లో ఏదో ఉంది," అంది.

సోమవారం కార్డు బడిలో ఇచ్చింది. ఊర్మిళ మేడమ్ దాన్ని బల్ల మీద అన్నిటికన్నా పైన పెట్టింది. రంగుల డబ్బా చేతికి వచ్చేసినట్టే అనిపించింది జ్యోతిర్మయికి.

మంగళవారం సాయంత్రం తాడు కట్టారు. అత్త ఒక్కో కార్డూ అందిస్తుంటే ఈసారి జ్యోతిర్మయి స్టూలెక్కి క్లిప్పు పెడుతోంది. అటు పది, ఇటు పది అయ్యాయి. సరిగ్గా మధ్యలో ఒక క్లిప్పు ఖాళీగా మిగిలింది.

"ఇక్కడ ఏ కార్డు అత్తా?"

"అక్కడ పిట్ట కార్డే. ప్రతి ఏడూ దానిదే ఆ చోటు." అత్త డబ్బాలో చెయ్యి పెట్టింది. మళ్లీ పెట్టింది. డబ్బా బోర్లించింది. "ఏదీ? పిట్ట కార్డు ఏదీ?"

జ్యోతిర్మయి స్టూలు మీద అలాగే నిలబడిపోయింది.

అత్త మంచం కింద చూసింది. ట్రంకు పెట్టె తీసింది. పాత పేపర్లు విదిలించింది. చివరికి వరండా మెట్టు మీద కూలబడింది. "సున్నాలు వేసినప్పుడు నానే ఎక్కడో పారేసుంటాను. నా బుద్ధి ఇలాగే తగలడింది," అని తననే తిట్టుకుంది.

ఆమె తలకి సరిగ్గా జానెడు పైన నక్షత్రం తోక గాలికి ఊగుతోంది.

అత్త కోప్పడితే బాగుండేది. జ్యోతిర్మయిని అనుమానించినా బాగుండేది. "పోనీలే, నువ్వు ఇంటికెళ్లి అన్నం తిను. చలి పెడతంది," అంది. ఆ మాట జ్యోతిర్మయికి దెబ్బకన్నా గట్టిగా తగిలింది.

బుధవారం జ్యోతిర్మయికి పదేళ్లు నిండాయి. అమ్మ కనకం కొత్త గౌను తొడిగింది. పరవాన్నం వండింది. జ్యోతిర్మయికి ఒక్క చెంచా కూడా లోపలికి పోలేదు. బడినుంచి రాగానే అత్త వరండాలోకి వెళ్లి, నక్షత్రానికున్న తోక విప్పి, ఇంటికి తెచ్చింది. చుట్టలన్నీ తీసి వంటింటి గచ్చు మీద పరిచింది.

"అమ్మా, ఇవి చదవవా?"

కనకం బియ్యం చేట పక్కన పెట్టి ఒక పట్టీ అందుకుంది. "'రెండు కేజీలు కూడా లేదు'... ఏటే ఇది?" ఇంకో పట్టీ తీసింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "ఓలమ్మ! ఇది మీ నాన్న చేతిరాత కదేటి?"

అప్పుడే చిన్నారావు షెడ్డునుంచి వచ్చాడు. ఆయన మాటలు చాలా పొదుపు. రోజంతా ఇంజన్ల దగ్గర అరుపులు విని ఇంటికొచ్చి మౌనంగా ఉంటాడు. గచ్చు మీది కాగితాలు చూశాడు. గొంతుక్కూర్చున్నాడు. నూనె మరకల వేళ్లతో పట్టీలని ఒకదాని పక్కన ఒకటి జరిపాడు. ఎవరూ చెప్పకుండానే ఏది ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలుసు.

జ్యోతిర్మయి ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది. ఆయన తిట్టలేదు. మెల్లగా చదివాడు.

"'సలోమి సిస్టర్ గారికి, నమస్కారం. మా పాప రెండు కేజీలు కూడా లేదు. దక్కదేమో అని అందరం భయపడ్డాం. మీరు దూదిలో చుట్టి బల్బు వెలుతురు కింద పెట్టి'..." ఆయన ఆగాడు. అక్కడ పిట్ట ఆకారంలో ఖాళీ ఉంది. దాని తరవాత మళ్లీ రాత. "'ఈరోజు పాప గట్టిగా ఏడ్చింది. నాకు మాట్లాడడం రాదు. అందుకే రాస్తున్నాను. మీ మేలు ఈ జన్మకి మరవను. చిన్నారావు, ఫిట్టరు.'"

జ్యోతిర్మయి కళ్లు తుడుచుకుంది.

"ఆ పాప ఎవరు నాన్నా?"

"ఈరోజు పదేళ్లు నిండినాయి దానికి," అంది కనకం, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

జ్యోతిర్మయి అమ్మ వంకా నాన్న వంకా చూసింది. పట్టీల మీద వేలు పెట్టి, "ఆ ఖాళీలో ఏటి రాసినావు నాన్నా?" అంది.

"పిట్ట వెనకాలుంది. తెచ్చుకో. చదువుదువు గాని," అన్నాడు నాన్న.

గురువారం ఉదయం బడి గంట కొట్టకముందే జ్యోతిర్మయి ఊర్మిళ మేడమ్ ముందు నిలబడింది. "మేడమ్, నా కార్డు నాకు వాపస్ కావాలి."

"అరే! రేపే కదా రిజల్టు? ఆలోచించుకో బేటా," అంది మేడమ్ ఆశ్చర్యంగా.

రంగుల డబ్బా బల్ల మీదే ఉంది. ఇరవై నాలుగు రంగులూ వరసగా. జ్యోతిర్మయి దానివంక ఒక్కసారి చూసింది. "ఆ పిట్ట నాది కాదు మేడమ్. అడక్కుండా కోసేశాను," అని హిందీలో చెప్పేసింది. చెప్పాక చెవులు వేడెక్కాయి గాని, నాలుగు రోజుల తరవాత మొదటిసారి ఊపిరి తేలిగ్గా ఆడింది.

ఆ సాయంత్రం నాన్న పొయ్యి మీద కెటిల్ పెట్టాడు. మూతినుంచి వచ్చే ఆవిరి దగ్గర కార్డు పట్టుకుని, జిగురు మెత్తబడ్డాక పిట్టని అంచునుంచి నెమ్మదిగా లేపాడు. "ఆవిరితో పని నాకు కొత్తా?" అన్నాడు. ఆయన జోకు వెయ్యడం జ్యోతిర్మయి అదే మొదటిసారి చూడడం.

పిట్ట వెనకాల నీలం రాత అక్కడక్కడ వెలిసినా నిలిచే ఉంది. నాన్న వేలు పెట్టి ఒక్కో అక్షరం చూపించాడు. జ్యోతిర్మయి కూడబలుక్కుంది. "మూ... డు... రో... జు... లు..." ఆ కాస్త వాక్యానికే పావుగంట పట్టింది.

'మూడు రోజులు ఇంటికి పోకుండా పాప దగ్గరే కూర్చున్నారు.'

ముక్కలన్నీ ఒక అట్ట మీద అతికారు. అతుకులు అతుకులుగానే కనిపిస్తున్నాయి. అది పట్టుకుని జ్యోతిర్మయి ఒక్కతే అత్త ఇంటికి వెళ్లింది.

"అత్తా, పిట్ట కార్డు నువ్వు పారెయ్యలేదు. నేను కోసినాను."

అత్త అట్ట అందుకుని కళ్లజోడు పెట్టుకుంది. అతుకులని ఒక్కొక్కటే వేలితో తడిమింది. జ్యోతిర్మయికి ఆ కాసేపూ ఒక ఏడాదిలా గడిచింది.

"రాత ఉన్నది ముట్టుకోవద్దన్నానా?"

"అన్నావు."

"మరేటి?"

"నాకు చదవడం రాదు కదా. ఎవరూ చదవరులే అనుకున్నాను."

"నాను చదువుతానే. తాడు కట్టిన ప్రతి ఏడూ చదువుతాను," అంది అత్త. "డ్యూటీలో ఎన్ని మాటలు పడ్డా, ఇది చదివితే ఆసుపత్రికి మళ్లీ వెళ్లబుద్ధవుతాది."

జ్యోతిర్మయి బావురుమంది. అత్త దాన్ని దగ్గరికి లాక్కుంది. కోపం పూర్తిగా పోయిందని కాదు. "నా బిస్కెట్ల డబ్బా జోలికి ఇంకోసారి కత్తెరతో వచ్చినావో, చెవులు మెలేస్తాను," అంది. అని, గుండెకి ఇంకా గట్టిగా హత్తుకుంది.

ఆ రాత్రీ మర్నాడూ జ్యోతిర్మయి నాన్నని వదల్లేదు. "'నే' అక్షరం ఎలా రాయాల? 'త'కి దీర్ఘం ఎలా?" షెడ్డునుంచి అలిసి వచ్చినా చిన్నారావు విసుక్కోకుండా పలక మీద రాసి చూపించాడు. శుక్రవారం రంగుల డబ్బా వేరే పిల్లకి వచ్చింది. ఆ పిల్ల చిలకాకుపచ్చ రంగు ఒకసారి వాడుకోనిచ్చింది కూడా.

శనివారం సాయంత్రం. నక్షత్రంలో బల్బు వెలిగింది. తాడు మధ్యలో అతుకుల పిట్ట దాని చోట్లోకి వచ్చింది. అత్త కేకు ముక్కలు కోస్తుంటే జ్యోతిర్మయి ఒక కార్డు చేతిలో పెట్టింది. తెల్ల అట్ట, మధ్యకి మడత. అంతే.

"ఏటే ఇది? పోటీల పిల్లవి, పైన ఒక్క బొమ్మా లేదు?"

"లోపలుంది అత్తా. చదువు."

అత్త విప్పింది. వంకర అక్షరాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండు చోట్ల కొట్టివేతలు.

'సలోమి అత్తా, ఆ పాప నేనే. నా దగ్గర కూర్చున్నందుకు నీ మేలు నేనూ మరవను. జ్యోతిర్మయి.'

అత్త కళ్లజోడు తీసి తుడుచుకుంది. స్టూలు ఆవిడే ఎక్కింది. పిట్ట పక్కన చోటు చేసి, రాత బయటికి కనిపించేలా ఆ కార్డుని తాడుకి తగిలించింది.

చోటు కోసం అత్త తాడు మీదినుంచి తీసిన కార్డు ఒకటి డబ్బాలో ఉంది. మీద బంగారు గంటలు. జ్యోతిర్మయి దాన్ని తీసుకుంది. గంటలవంక చూడనేలేదు. మెల్లగా విప్పి, లోపలి మొదటి అక్షరం మీద వేలు పెట్టింది.

"అత్తా, ఇది ఎవరు రాసినారు?"