డేనీ మోచేతి సాక్ష్యం

బేస్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారం మరియదాసు ఇంట్లో కాఫీ కంటే ముందు కెమెరా బ్యాటరీలు వేడెక్కుతాయి. ఆ రోజూ అంతే. భోజనాల బల్ల మీద ఒక పక్క ట్రైపాడ్, ఇంకో పక్క మైకులూ వైర్లూ, వాటి మధ్య ఇరుక్కుని భార్య అమృతం చేసిన ఉప్మా గిన్నె.

"ఈ వైర్లలో కాలు తగిలి ఎప్పుడో నేను పడతా. అది కూడా షూటింగ్ చేస్తాడు మహానుభావుడు," అని అమృతం గొణిగింది.

మరియదాసు వినిపించుకోలేదు. వారమంతా రైలు గార్డుగా బ్లాక్‌టౌన్ స్టేషన్ మీదుగా అటూ ఇటూ తిరిగే మనిషి, శనివారం వచ్చేసరికి దర్శకుడైపోతాడు. మిగతా తండ్రులు మడత కుర్చీలు వేసుకుని కబుర్లు చెప్పుకుంటుంటే ఈయన కంచె చుట్టూ కెమెరాతో పరుగులు తీస్తుంటాడు. కొడుకు డేనీ బంతిని చేతిలో సరిగ్గా పట్టలేని వయసు నుంచి, యూనివర్సిటీలో చేరిన ఈ వేసవి దాకా వాడు విసిరిన ప్రతి బంతీ ఆయన దగ్గర భద్రంగా ఉంది. వాడు జట్టులో పిచ్చర్, అంటే ఎదుటివాడికి బంతి విసిరేవాడు. మంచి పిచ్చర్. రాష్ట్ర జట్టుకు కబురు వస్తుందని అందరూ అనుకుంటున్నారు.

అయితే ఆయన్ని తెలుగు క్రైస్తవ సంఘాల్లో పేరున్నవాణ్ణి చేసింది మాత్రం మ్యాచ్‌ల వీడియోలు కాదు. అది వేరే సినిమా.

క్రిస్మస్‌కు ముందు డేనీకి కుడి మోచెయ్యి నొప్పి పట్టుకుంది. ఫిజియో చూసి, స్కానింగ్ తీయించమని, అప్పటిదాకా బంతి ముట్టుకోవద్దని చెప్పాడు. ఆ వారమే వీళ్ళింట్లో గృహకూటం, అంటే ఇంటి ప్రార్థన, జరిగింది. పాస్టర్ గారు నూనె రాసి, వాడి తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. హాలంతా కన్నీళ్ళు. చివర్లో "ఎలా ఉంది బాబూ?" అని ఆయన అడిగితే డేనీ, "బెటర్," అన్నాడు. మరియదాసు కెమెరా ఆ క్షణాన వాడి మొహం మీదే ఉంది. దానికి పాట కలిపి, సొంతూరు చీరాల సముద్రం మీద సూర్యోదయం కలిపి, 'స్వస్థత' అని పేరు పెట్టి చర్చిలో దేవుడు చేసిన మేలుకు సాక్ష్యంగా చూపించాడు. అది మెల్‌బోర్న్ వెళ్ళింది, పెర్త్ వెళ్ళింది, ఫోన్ల మీదుగా చీరాల కూడా చేరింది. స్కానింగ్‌కు తీసుకున్న అపాయింట్‌మెంట్‌ను ఆయనే రద్దు చేయించాడు. సాక్ష్యం చెప్పాక మళ్ళీ యంత్రంతో చూపించుకుంటే దేవుణ్ణి పరీక్షించినట్టే అన్నాడు. అమృతం రెండు మాటలు అని చూసి ఊరుకుంది. డేనీ మళ్ళీ బంతులు విసరడం మొదలుపెట్టాడు.

ఈ రోజు ఫైనల్. దీంతో 'స్వస్థత' రెండో భాగం పూర్తవుతుంది. రేపు ఆరాధనలో ప్రదర్శన.

డేనీ వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఉప్మా గిన్నె దగ్గరకు లాక్కుని చెంచా ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"ఎడమచేత్తో తింటన్నావేందిరా?" అంది అమృతం.

"జస్ట్ టెక్స్టింగ్, మమ్," అన్నాడు డేనీ. ఫోను మాత్రం జేబులోనే ఉంది.

"ఏదీ, ఆ చెయ్యి ఇటు చూపించు."

"ఇట్స్ ఫైన్, మమ్!"

"ఫైనల్ రోజున పిల్లాణ్ణి సతాయించమాక అమృతం. భయమేసుద్ది వాడికి. దేవుడు బాగుచేసిన చెయ్యి అది," అన్నాడు మరియదాసు, లెన్స్ తుడుస్తూ. ఎదురుగా కూర్చున్న కూతురు ఎవా అన్న వంక చూసి ఏదో చెప్పబోయింది. డేనీ తల అడ్డంగా ఊపాడు. అమృతం అదీ చూసింది. మరియదాసు చూడలేదు, ఆయనకు లెన్స్ మీద మరక ఒకటి కనిపించింది.

గ్రౌండుకు చేరగానే కోచ్ మార్క్ ఎదురొచ్చాడు. డేనీని చిన్నప్పటి నుంచి ఎరిగిన పెద్దమనిషి. మరియదాసును పక్కకు పిలిచి, వార్మప్‌లో కుర్రాడి విసురు తేడాగా ఉందని, చెయ్యి నిజంగా బాగుందా అని సూటిగా అడిగాడు.

"హండ్రెడ్ పర్సెంట్, మార్క్. గాడ్ హీల్డ్ ఇట్," అన్నాడు మరియదాసు నవ్వుతూ.

మార్క్ నవ్వలేదు. డేనీని పిలిచి అదే అడిగాడు. డేనీ ఒకసారి తండ్రి వంక చూశాడు, ఆయన చేతిలో కెమెరా వంక చూశాడు, "ఆల్ గుడ్, కోచ్," అన్నాడు.

మొదట్లో బాగానే సాగింది. డేనీ వరసగా ఇద్దర్ని అవుట్ చేశాడు. మరియదాసు కంచె దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కొడుకు మొహాన్ని తెర నిండా పట్టాడు. చెమట, బిగించిన పెదాలు, కళ్ళల్లో నీళ్ళలాంటి మెరుపు. ఎంత పట్టుదల, అనుకుని మురిసిపోయాడు.

తర్వాతి బంతి డేనీ చేతిలోంచి వెళ్ళనేలేదు. చెయ్యి సగం తిరిగేసరికి వాడు కేక పెట్టాడు. బంతి కాళ్ళ దగ్గరే పడింది. దాని పక్కన వాడు మోకాళ్ళ మీద కూలబడి, కుడిచేతిని పొట్టకు అదుముకుని మట్టిలో నుదురు ఆనించాడు.

మార్క్ పరిగెత్తాడు. ఎవా కంచె దూకింది. అమృతం చెప్పులు వదిలేసి పరిగెత్తింది. మరియదాసు మాత్రం అక్కడే ఉన్నాడు. కెమెరా కంటి దగ్గరే ఉంది. అందులో కొడుకు మొహం స్పష్టంగా, దగ్గరగా కనిపిస్తోంది, అందుకని తాను వాడి దగ్గరే ఉన్నాననిపించిందో ఏమో. మైదానం మధ్యలోంచి అమృతం వెనక్కి తిరిగి అరిచింది.

"దాన్ని దించవయ్యా! నీకు పుణ్యముంటది, దించు!"

హాస్పిటల్లో సాయంత్రం దాకా కూర్చున్నారు. డిసెంబర్లో తీయించాల్సిన స్కానింగ్ అప్పుడు తీశారు. మోచేతిలో ఎముకలను పట్టి ఉంచే నరంలాంటి కట్టు పూర్తిగా తెగిపోయిందని డాక్టరు చెప్పింది. అంతకుముందు చాలాకాలంగా అది కొంచెం కొంచెంగా చిరుగుతూ వచ్చిందట. విశ్రాంతి ఇచ్చి ఉంటే దానంతటదే మానేదేమో అంది. ఇప్పుడు ఆపరేషన్ తప్పదు. రాయడం, కారు నడపడం వంటివి చేసుకోగలడు కానీ, మునుపటిలా బంతి విసరడం గురించి ఆశ పెట్టుకోవద్దంది.

డాక్టరు వెళ్ళింది. ముందు మరియదాసే నోరు తెరిచాడు. తెరవకుండా ఉంటే బాగుండేది.

"నొప్పిగా ఉంటే చెప్పొచ్చు కదరా? అడిగాంగా అందరం?"

డేనీ నెమ్మదిగా తల తిప్పాడు. "ఎప్పుడు చెప్పాలి, డాడ్? ఆ రోజా? ఆంటీలందరూ ఏడుస్తున్నారు. పాస్టర్ అంకుల్ హ్యాండ్ నా హెడ్ మీద ఉంది. యువర్ కెమెరా వాజ్ ఆన్ మై ఫేస్. వాట్ వాజ్ ఐ సపోజ్డ్ టు సే?"

"తర్వాతన్నా..."

"తర్వాత మీరు చర్చ్‌లో చూపించేశారు! నేను నొప్పి అంటే మీరు లయర్ అవుతారు. గాడ్ కూడా లయర్ అవుతాడు. ఎవ్రీ నైట్ ప్రే చేశా, డాడ్. తగ్గించమని కాదు. మీ వీడియో నిజం చెయ్యమని."

మరియదాసు గోడకు చేరబడ్డాడు.

"నాకు తెలుసు డాడ్, ఐస్ ప్యాక్‌లు నేనే తెచ్చిచ్చేదాన్ని. ఐ షుడ్ హావ్ టోల్డ్ యూ," అని ఎవా వెక్కివెక్కి ఏడ్చింది. అమృతం కూతుర్ని దగ్గరకు లాక్కుంది. తర్వాత మొగుడి వంక చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఆయన్ని అలా చూడలేదు.

"ఒక్కమాట అడుగుతా, నిజం చెప్పు. ఆ వీడియో నువ్వు రోజుల తరబడి ముందుకీ వెనక్కీ తిప్పి చూశావు. బిడ్డ మొహం అంతసేపు చూసినోడివి, నీకు ఒక్కసారన్నా అనుమానం రాలా?"

వచ్చింది. 'బెటర్' అన్నాక డేనీ ఎడమచెయ్యి వెనక్కి పోయి కుడి మోచేతిని పట్టుకుంది. పళ్ళు బిగిశాయి. అది ఆయన చూశాడు. చూసి, నూనె రాసిన చల్లదనానికేమోలే అని తనకు తానే సర్దిచెప్పుకుని, పాట సాఫీగా సాగడం కోసం ఆ ముక్కను కత్తిరించి పారేశాడు.

"వచ్చింది," అన్నాడు మరియదాసు. "కోసేశా అమృతం."

అమృతం మొహం కూతురి వైపు తిప్పుకుంది. తిట్టినా ఆయనకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఆదివారం పొద్దున వాళ్ళు చర్చికి వెళ్ళలేదు. డేనీ కట్టుతో సోఫాలో పడుకుని ఉన్నాడు. పాస్టర్ గారికి ఒంట్లో బాగోలేదని మెసేజ్ పెట్టి ఊరుకున్నాడు మరియదాసు. అసలు సంగతి చెప్పడానికి ధైర్యం చాలలేదు. నిదానంగా చెప్పొచ్చులే, ఎవరికేం నష్టం, అనుకున్నాడు.

అప్పుడు చీరాల నుంచి జ్ఞానప్రసూన ఫోను చేసింది. మరియదాసుకు అక్క. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆమే. అక్కడింకా తెల్లవారకముందే ప్రార్థనకు లేచే మనిషి. గొంతు నీరసంగా ఉన్నా సంతోషం పొంగిపోతోంది.

"తమ్ముడూ, నీ వీడియో మన సంఘంలో తెర మీద వేశార్రా! నేనూ తీర్మానం చేసుకున్నా. సుగరు సూదులు మానేశా. నోరు ఎండిపోతా ఉంది, కళ్ళు తిరుగుతున్నాయి గానీ, అది నా విశ్వాసానికి పరీక్ష."

"అక్కా, అట్టా చెయ్యొద్దు. దేవుడు మందుల ద్వారా కూడా బాగుచేస్తాడు. ముందు సూది వేసుకో."

"నువ్వేనా ఆ మాట అనేది? నీ కొడుక్కి ఒక్క ప్రార్థనతో తగ్గలా? నేనేం పాపం చేశా? నాకు విశ్వాసం తక్కువంటావా?"

ఇంకెన్ని చెప్పినా ఆమె వినదు. ఆమె వినేది ఒక్కటే మాట, ఆ మాట ఆయన నోట్లోంచి రావడం లేదు. సోఫాలో డేనీ కళ్ళు తెరిచి తండ్రినే చూస్తున్నాడు. మరియదాసు ఆ చూపుకు తల దించుకుని చెప్పాడు.

"తగ్గలేదక్కా. వాడికి ఏనాడూ తగ్గలా. నిన్న మోచేతిలో నరం తెగిపోయింది, ఆపరేషన్ చెయ్యాలి."

"మరి... నువ్వు చూపించింది?"

"అది నేను చేసిన సినిమా అక్కా. దేవుడు చేసింది కాదు. నీ కాళ్ళు పట్టుకుంటా, సూది వేసుకో. పక్కింటి కళావతిని లేపు, ఆసుపత్రికి తీసుకుపోమను. నేను లైన్లోనే ఉంటా."

కళావతి వచ్చి ఫోను అందుకుని, ఆటో వచ్చిందని చెప్పిందాకా ఆయన నిలబడే ఉన్నాడు. అక్క ఏడుపు వినిపిస్తూనే ఉంది. అది సుగరు కోసం కాదని ఆయనకు తెలుసు. ఇంకా ఎంతమంది ఎక్కడెక్కడ ఏమేం మానేశారో తెలియదు. ఆ సినిమాను ఇప్పుడు ఎవరెవరి ఫోన్లలోంచి వెనక్కి తెస్తాడు?

ఫోను పెట్టేసి అలవాటు చొప్పున కొడుకు దగ్గర మోకరించి వాడి తల మీద చెయ్యి వేయబోయాడు. డేనీ తల పక్కకు లాక్కున్నాడు. కావాలని కాదు, బెదిరాడు. కన్నకొడుకు తన ప్రార్థనకు బెదిరిపోవడం చూసి మరియదాసు చెయ్యి వెనక్కి తీసుకుని సోఫా పక్కన నేల మీద కూలబడ్డాడు.

"నొప్పి చాలా ఉందా నాన్నా?"

"చాలా, డాడ్."

వంటింటి గుమ్మంలో అమృతం కదలకుండా నిలబడింది. డేనీ పైకప్పు వంక చూస్తూ చాలా చిన్న గొంతుతో అడిగాడు.

"గాడ్‌కి నా మీద కోపమా, డాడ్? ఐ లైడ్. ప్రార్థనలో బెటర్ అని అబద్ధం చెప్పా. అందుకేనా చెయ్యి ఇట్లా అయింది?"

డిసెంబర్ నుంచి ఈ భయాన్ని కూడా పిల్లాడు ఆ చేత్తోనే మోశాడని మరియదాసుకు అప్పుడు తెలిసింది. దుఃఖం ఆగలేదు. సాక్ష్యాలు గంటల తరబడి చెప్పగలిగిన మనిషికి ఈ నాలుగు మాటలూ కూడబలుక్కోవాల్సి వచ్చింది.

"లేదు నాన్నా. నీ మీద ఎందుకురా కోపం? ఆ అబద్ధం నీది కాదు. నాది. నీ నోట్లో నేనే పెట్టా."

డేనీ మెల్లగా జరిగి, కట్టు లేని పక్కకు ఒరిగి, తండ్రి భుజం మీద తల ఆనించి బావురుమన్నాడు. మరియదాసు కొడుకును పొదివి పట్టుకున్నాడు. దేవా అని కూడా అనలేదు, ఊరికే పట్టుకుని కూర్చున్నాడు.