ఒంటి కళ్ళ గోడ

పొద్దున షట్టర్ ఎత్తి అగరొత్తులు వెలిగించిన దుకాణంలోకి మొదట అడుగుపెట్టిన మనిషి అనకూడని మాట ఒకటుంది. మైథిలి సరిగ్గా ఆ మాటే అంది.

"నేనేం కొనడానికి రాలేదండీ. మీ గోడ చూసి వెళ్దామని వచ్చాను."

గల్లాపెట్టె ముందు కూర్చున్న వైకుంఠం గారి మొహం అప్పుడు చూడాలి. అఫ్జల్‌గంజ్‌లో మూడు తరాలుగా రంగులమ్ముతున్న ఇల్లు వాళ్ళది. బోణీ కాకముందు వచ్చిన మనిషి ఉత్త చేతులతో వెనక్కి పోతే ఆ రోజంతా బేరం సాగదని ఆయనకు గట్టి నమ్మకం. ఆయన నోరు తెరిచేలోపే, నిచ్చెన మీద డబ్బాలు సర్దుతున్న కొడుకు అనురాగ్ గబగబా కిందికి దిగాడు.

"మేడమ్, ఏదన్న ఒకటి కొనుండ్రి. అటెన్క గోడ ఎంతసేపన్న చూడుండ్రి. లేకుంటే మా బాపు ఇయ్యాల బువ్వ గూడ తినడు."

మైథిలికి నవ్వొచ్చింది. ఉన్నవాటిలోకల్లా చిన్న బ్రష్ ఒకటి కొంది. వైకుంఠం గారు ఆ నోటును కళ్ళకద్దుకుని గల్లాలో వేశారు. మొదటి గొడవ అంతటితో సరి. అసలు గొడవ తర్వాత ఉంది.

మైథిలి యూనివర్సిటీలో ఆర్ట్ హిస్టరీ ఎం.ఏ. చివరి ఏడాది చదువుతోంది. వాళ్ళది కాకినాడ. నాన్న గోపాలకృష్ణమూర్తి గారి ఉద్యోగం వల్ల చాంద్రాయణగుట్టలో ఉంటున్నారు. క్లాసులో అందరూ డిసర్టేషన్ కోసం గుళ్ళూ గుహలూ పట్టుకుంటే, ఈవిడగారు ఎవరో పెట్టిన రీల్‌లో చూసిన రంగుల దుకాణం గోడను పట్టుకుంది. గైడ్ అమల మేడమ్ కళ్ళద్దాలు తీసి మరీ చూశారట. అది ఉత్తి బ్రష్షులు తుడుచుకున్న గోడ కాదని సెమినార్‌లో నిరూపించు, లేదంటే టాపిక్ మార్చుకో అన్నారట.

ఆ గోడ నిండా కళ్ళే. ధూల్‌పేట్‌లో వినాయకుడి విగ్రహాలకు రంగులేసేవాళ్ళు బ్రష్ కొనేటప్పుడు దాన్ని నల్లరంగులో ముంచి, ఇక్కడ ఒక కన్ను గీసి చూసుకుంటారు. కన్ను బాగా వస్తే బ్రష్ మంచిదన్నట్టు. అనురాగ్ తాత కాలం నుంచీ ఇదే పద్ధతి. పెద్ద కళ్ళు, కోల కళ్ళు, కోపంగా ఉన్నవి, నిద్ర చాలనివి, ఒకదాని మీద ఒకటి చేరి గోడ చాలావరకు నల్లబడింది. అన్నీ ఒంటి కళ్ళే. బ్రష్ చూసుకోవడానికి ఒకటి చాలు కదా అనుకుంది మైథిలి.

ఫొటోలు తీసుకుంటూ, రేపు కూడా రావచ్చా అని అడిగింది. అనురాగ్ ఉన్నమాట చెప్పేశాడు. శ్రావణం రాగానే మొదటి మంచిరోజున డానియేలు మేస్త్రి వచ్చి ఆ గోడ పగలగొడతాడు. అక్కడ అద్దాల షోరూం వస్తుంది. బాపు ఒకసారి అనుకున్నాడంటే ఇంక అంతే.

మైథిలి వేళ్ళ మీద లెక్కేసుకుంది. సెమినార్ ఇంకా చాలా దూరముంది. లేని గోడ గురించి ఏం మాట్లాడాలి?

అందుకని ఆషాఢమంతా రోజూ వచ్చింది. పద్ధతి తెలిసింది కాబట్టి ముందు ఒక బ్రష్ కొనేది, తర్వాత గోడ ముందు కింద కూర్చునేది. ఈ రెప్ప గీతా ఆ రెప్ప గీతా ఒకే చేతివి, కావాలంటే మలుపు చూడండి అని అనురాగ్‌కు చూపించేది. చిన్నప్పటి నుంచీ నల్లరంగు అమ్ముతున్నవాడు, అది బయటికి పోయాక ఏమవుతుందో ఎప్పుడూ పట్టించుకోనివాడు, ఇప్పుడు కన్నార్పకుండా వినేవాడు. గోడను చూసేవాడా, చెబుతున్న మనిషిని చూసేవాడా అని మనం అడగకూడదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కాతో దుకాణానికొస్తున్న కొడుకును చూసి వాళ్ళమ్మ వాసవాంబ గారు కూడా ఏమీ అడగలేదు.

ఆషాఢం చివరి సాయంత్రం జోరున వాన. రోడ్డు మీద జనం లేరు, దుకాణంలో గిరాకీ లేదు. మైథిలి గోడకేసి చూస్తూ దిగాలుగా కూర్చుంది.

"గిన్ని బ్రష్షులు కొన్నరు, ఒక్కటన్న చూసుకున్నరా?" అన్నాడు అనురాగ్, ఆమెను నవ్వించాలని. "ఈడ కొన్నోళ్ళంత ఒక కన్ను ఏస్తరు. మీరు గూడ ఏయుండ్రి. మల్ల రేపు గోడ ఉండదు."

నల్లరంగు కలిపి ఇచ్చాడు. ఆమె కూర్చున్న చోటికి ఎదురుగా, గోడ కింది భాగంలో వంకరటింకర కన్నొకటి ఒంటరిగా ఉంది. దాని పక్కన కావలసినంత ఖాళీ. మైథిలి చున్నీని కొంగులా నడుముకు దోపుకుని, నాలుక పంటి కింద పెట్టుకుని గీయడం మొదలుపెట్టింది. అనురాగ్ ఆమె నుదుటి మీద పడ్డ జుట్టు చూస్తూ నిలబడ్డాడు. చెప్పాల్సిన మాట ఒకటి ఉందని ఆ క్షణంలో అతనికి గుర్తు రాలేదు.

గుర్తొచ్చేసరికి గోడ మీద రెండు కళ్ళు పక్కపక్కనే చేరి బయటికి చూస్తున్నాయి.

"ఏంది రా ఇది," అన్నారు వెనక నుంచి వైకుంఠం గారు.

అప్పుడు తెలిసింది మైథిలికి. రెండో కన్ను దేవుడికే. విగ్రహానికి అన్నీ అయ్యాక ఆఖరున రెండు కళ్ళూ దిద్దితే అందులోకి ప్రాణం వస్తుందని వాళ్ళ నమ్మకం. అందుకే గోడ మీద ఇన్నాళ్ళలో ఎవరూ జత కలపలేదు. ఆమె భయంతో, తెలీక చేశానండీ, తుడిచేస్తానండీ అంది. తెరుచుకున్న కళ్ళు తుడుస్తావా అని ఆయన ఇంకా మండిపడ్డారు. చెప్పకపోవడం నా తప్పు బాపూ అని అనురాగ్ అడ్డం పడితే, నీ సంగతి తర్వాత చూస్త అన్నారు.

మర్నాడు డానియేలు మేస్త్రి గడ్డపారతో వచ్చాడు. గోడ వైపు చూసి, గడ్డపార కింద పెట్టాడు.

"నేను మొక్కే దేవుడు వేరే సేటూ. గని మన దిక్కు చూస్తున్న మొహం మీద నాకు చెయ్యి లేవదు."

వైకుంఠం గారు చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు. నిమజ్జనం దాకా గోడను ముట్టుకోరు. ఆ తర్వాత దేవుణ్ణి సాగనంపి పగలగొడతారు. అప్పటిదాకా కళ్ళు తెరిపించినవాళ్ళే వచ్చి రోజూ దీపం పెట్టాలి.

అలా మైథిలికి పొద్దున బోణీ, సాయంత్రం దీపం డ్యూటీలు పడ్డాయి. పండగ రోజులు కదా, రంగులు బాగా అమ్ముడుపోయాయి. వైకుంఠం గారు మాత్రం ఆ పిల్ల చెయ్యి మంచిదని పక్క దుకాణాల్లో చెప్పుకున్నారు. అనురాగ్ ఆ నమ్మకాన్ని చెడగొట్టలేదు.

ఒక సాయంత్రం ఆమె దీపం వెలిగిస్తుంటే అతను పక్కన కూర్చున్నాడు.

"నువ్వు జత చేసిన కన్ను ఎవరిదో ఎర్కేనా? నాది. చిన్నప్పుడు ఒక పెయింటర్ తాత నా చెయ్యి పట్టి ఏయించిండు. మంచిగ రాలేదని అందరు నవ్విన్రు. దాని పక్కకు ఎవ్వరు ఏయలే, నువ్వు తప్ప." వత్తి వైపే చూస్తూ అన్నాడు. "నాకు నువ్వంటే మస్తు ఇష్టం మైథిలీ. గోడ ఉన్నా, పోయినా."

మైథిలి వత్తి సరిచేసింది. చెంపలు మాత్రం ఎర్రబడ్డాయి. సెమినార్ అయ్యాక చెబుతానంది.

సెమినార్ నిమజ్జనానికి ముందురోజు పడింది. అనురాగ్ తండ్రిని బతిమాలి తీసుకొచ్చాడు. వెనక వరసలో ఇద్దరూ కూర్చున్నారు. తెర మీద వాళ్ళ దుకాణం గోడ నిలువెత్తున వెలిగింది. ఏ కన్ను ఏ చేతిదో, ఒక గీత తండ్రి నుంచి కొడుక్కి ఎలా వచ్చిందో, పేరు రాసుకోని మనుషులు తమ గుర్తును ఎలా వదిలి పోయారో మైథిలి ఒక్కొక్కటిగా చూపించింది. వైకుంఠం గారు పుట్టినప్పటి నుంచీ చూస్తున్న గోడే అది. మొదటిసారి చూసినట్టు చూశారు. కండువాతో కళ్ళు తుడుచుకున్నారు.

అమల మేడమ్ చప్పట్లు కొట్టి, టాపిక్ మార్చే పనిలేదన్నారు. ఒక్క ప్రశ్న అడిగారు. చివర్లో చూపించిన ఆ జత ఎవరు గీసింది?

"ఒకటి నేను మేడమ్. ఇంకోటి అనురాగ్."

అనురాగ్ ఎవరన్నారు మేడమ్. అరగంట సేపు గలగలా మాట్లాడిన పిల్ల చేతిలో కాగితాలు సర్దుకుంది. వెనక వరస వైపు చూసింది.

"నాకు ఇష్టమైన మనిషి మేడమ్."

హాలంతా ఈలలు. అనురాగ్‌కు లేవాలో కూర్చోవాలో తెలియలేదు. లేచింది వైకుంఠం గారు.

"నా కొడుకమ్మా వాడు," అన్నారు మేడమ్‌తో. "గోడ ఉంటది. షోరూం ఇంకో పక్కకు పెట్టుకుంటం." తర్వాత మైథిలి వైపు తిరిగారు. "నువ్వు మీ నాయనకు ఫోన్ కలుపు బిడ్డా, నేను మాట్లాడుత. బోణీ చేసిన మనిషిని ఉత్త చేతుల్తోని పంపుడు మా ఇంట్ల లేదు."

మైథిలి ఫోన్ కోసం బ్యాగులో చెయ్యి పెట్టింది. చేతికి బ్రష్షులే తగిలాయి.