తడి గోనెలో వామాకు

ఆషాఢం వచ్చిందని ప్రేమల తన పుట్టిల్లు బీర్కూర్‌కు బయలుదేరింది. కొత్త పెళ్లికూతురు నోట అంత పొడుగు మాట భర్త హన్మండ్లు వినడం అదే మొదటిసారి.

"గీ వామాకు మొక్క పైలం. మొక్కను సక్కగ సూసుకోనోళ్లు పెండ్లాన్నేం సూసుకుంటరు?"

నవ్వుతూ అందో, నిజంగానే అందో తెలియలేదు. బండి కదిలిపోయింది.

హన్మండ్లుది బాన్సువాడలో బీడీ ఆకుల దుకాణం. ఆకుల గురించి తనకు తెలియనిది లేదని అతని నమ్మకం. కిటికీలో చిన్న కుండ. అందులో మందపాటి ఆకులు, పిల్లికూన చెవుల్లా నూగుతో. ఆ నూగు దుమ్మనుకుని గుడ్డతో తుడిచాడు. పోలేదు. బీర్కూర్ దుమ్ముకు కూడా పట్టుదల ఎక్కువే అనుకున్నాడు.

బీడీలు చుట్టే తునికాకు ఎండితే విరుగుతుంది. తడిపి గోనెలో చుడితే మెత్తబడి చేతికి లొంగుతుంది. వామాకుకూ అదే మర్యాద చేశాడు. మొక్క నిజంగానే మెత్తబడింది. తర్వాత నల్లబడింది. ఆ తర్వాత పక్కకు ఒరిగి పడుకుంది.

మొక్కను కుండతో సహా గొంగడి కింద దాచుకుని, వానలో నడిచి బీర్కూర్ చేరాడు.

ఆషాఢంలో అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. వాకిట్లోనే నిలబడ్డాడు. అత్తగారు అతన్ని చూడనట్టు గోడవైపు తిరిగి, గోడతోనే అన్నట్టు, "సల్ల తాగుతడేమో అడుగు బిడ్డా" అంది.

ప్రేమల బయటికొచ్చి కుండలోకి చూసింది.

"ఏం జేసిండ్రు?"

"తడిపిన."

"తడిపి?"

"గోనెల చుట్టిన."

"ఎందుకు?"

"మెత్తబడాలెనని."

ప్రేమల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాడు.

"ఇగ రావా నువ్వు?" అన్నాడు మెల్లగా.

కొంగు జారింది. ఏడవడం లేదు.

"గింత వానల మొక్కను సంకల వెట్టుకొచ్చినోళ్ల దగ్గరికి రాకుంటె, ఇంకెవల దగ్గరికి వోవాలె?"

కొసన ఇంకా పచ్చగా మిగిలిన కొమ్మ తుంచి అతని చేతిలో పెట్టింది. "నీడకు ఆరనిచ్చి మట్టిల గుచ్చుర్రి. మన్ను పొడిగైతెనే చుక్క నీళ్లు. దీన్ని మస్తుగ సూసుకుంటె సస్తది."

మర్నాడు హన్మండ్లు తల్లి లింగవ్వ కిటికీ దగ్గర కొడుకును చూసింది. చేతిలో నీళ్ల చెంబు. ముందుకో అడుగు, వెనక్కో అడుగు.

"ఏందిరా, పహారానా?"

"నీళ్లు పోయకుంట కాపలా ఉన్ననవ్వా."

"ఎవలు పోస్తరని?"

"నేనే."

లింగవ్వ చెంబు లాక్కుంది. రెండు చీరలు మూట కట్టుకుంది.

"పెద్ద కొడప్‌గల్ల మా అక్క ఇంటికి పోతున్న. ఆషాఢంల అత్తాకోడండ్లు ఒక్క గడప దాటొద్దంటరు. ఆషాఢం ఎల్లేదాక నేనీ గడపకు రాను. నువ్వు పోయి పిల్లను తోలుకరా. గీ మొక్కనన్న బతకనియ్యి."

ప్రేమల వచ్చేసరికి వాన ముసురుకుంది. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చున్నారు. మట్టిలో ఆ కొమ్మ ఏ సంగతీ చెప్పకుండా నిలబడి ఉంది.

"ఇప్పుడేం జెయ్యాలె?"

"ఏం జెయ్యొద్దు."

"ఎంతసేపు?"

"వేరు వట్టేదాక."

హన్మండ్లు మరికాస్త దగ్గరికి జరిగాడు. ఇంత మంచి పని అతనికి ఇంతవరకూ ఎవరూ అప్పజెప్పలేదు.