ఇసుకమ్మ గుహలో పసిపాదాలు

జగదల్‌పూర్‌లో తమ బట్టల కొట్టు మీది గదికి వాసవి డిటెక్టివ్ బోర్డు కట్టిన నాటి నుంచి, ఆమె వెంట తిరగడమే భానుప్రసాద్‌కి పనైపోయింది. వరసకి బాబాయి, పనికి అసిస్టెంటు. అరవై దాటాక అన్న కూతురి దగ్గర ఉద్యోగమేమిటని చుట్టాలు నవ్వితే, "మా పిల్ల బుర్ర మీ ఏడు తరాల్లో ఉందిరా?" అని నోరు మూయించేవాడు.

ఆ భాద్రపదంలో ఓ ఉదయం, ఆవపల్లి నుంచి బిందు వచ్చింది. ఐదు నెలల కడుపు. ఒళ్ళో ఓ దోసకాయ. మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుందే గాని తాగలేదు.

"నిన్న పొద్దున్నుంచి ముద్ద దిగుతలేదక్కా," అంది. "నిన్న తెరిచిన ఇసుకమ్మ గుహల పసిపాదాలు పడ్డయి. లోపలికి పోతున్నట్టు. ఇచ్చిన బిడ్డను అమ్మ వెనక్కి పిలుస్తుందంటున్నరు. అవి అమ్మ వేసినవా, మనుషులు వేసినవా? గదొక్కటి చెప్పు."

ఆవపల్లి కొండమీది ఆ గుహని ఏడాదికి మూడు రోజులే తెరుస్తారు. మూసేముందు నేలంతా ఇసుక పరిచి చదును చేస్తారు. మరుసటేడు తెరిచినప్పుడు అందులో ఏ గుర్తుంటే అదే అమ్మ మాటగా పూజారి చదువుతాడు. లేడి గిట్టయితే పంట, పిల్లి అడుగైతే తగాదాలు. పిల్లల్లేని ఆలుమగలు దోసకాయ మొక్కుకుని, గోటితో చీల్చి, చెరిసగం తింటారు. నిరుడు అలా తిన్నాకే, పెళ్ళయిన ఆరేళ్ళకి బిందు కడుపు పండింది. మొక్కు తీరినందుకు ఇంటివాళ్ళతో పంచుకోవాల్సిన ఈ ఏటి దోసకాయ ఇంకా చీల్చనే లేదు.

"రేపు గుహ మూస్తరు. ఇసుక చదునైతదక్కా."

"బాబాయ్, కారు తియ్యి," అంది వాసవి.

చీకటి పడేసరికి ఆవపల్లి చేరారు. బిందు అత్తగారు వెంకమ్మ చేతినిండా గాజులు గలగలలాడించుకుంటూ ఎదురొచ్చింది. గడప దగ్గర అష్టమి నాడు వేసిన తెల్లరంగు కృష్ణపాదాలు ఇంకా చెరిగిపోలేదు. వాటిని తొక్కకుండా భానుప్రసాద్ పెద్ద అంగ వేశాడు. వెంకమ్మ అందరికీ కొసరి కొసరి వడ్డించింది గాని, కోడలి విస్తరి వంక కన్నెత్తి చూడలేదు. బిందు అన్నం కెలికి లేచిపోయింది.

తెల్లవారి కొండెక్కుతుంటే మంచు మెట్లని మింగేసింది. ముందు పోయేవాళ్ళ కాళ్ళు తప్ప మనుషులు కనబడటం లేదు. పైనెక్కడో గంటలు మోగుతున్నాయి. తను నడుస్తున్నాడో, మంచంలో పడుకుని కల కంటున్నాడో భానుప్రసాద్‌కి తెలియలేదు. ఆ నిమిషాన, ఇసుకలో పాదాలు అమ్మవే అయ్యుంటాయని నమ్మాడు కూడా.

గుహ ముందు పూజారి కాశయ్యని వాసవి అడిగింది.

"రాయి తీసినంక ముందు ఎవరు పోతరు తాతా?"

"నేనే. రాయి జరిపి, అవతలి ఊటల తానం చేసొస్త. నేనొచ్చేదాంక అందరు గుహకు వీపు పెట్టి, కండ్లు మూసుకుని ఉంటరు."

"ఎంతసేపు?"

"చుట్ట కాలినంత సేపు."

"గుహకు దగ్గర ఎవరుంటరు?"

"మోకాళ్ళు నొచ్చే ముసలోళ్ళు. ఆ రాతికి ఆనుకుంటరు."

వాసవి మోకరిల్లి టార్చి వేసింది. ఇసుకంతా గబ్బిలాల రెట్టలు. రెట్టల మధ్య మూడు చిన్న పాదాలు, వేళ్ళు లోపలికి తిరిగి. ఆ పాదాల మీద మాత్రం ఒక్క రెట్టా లేదు. మొదటిది గుమ్మం పక్కనే, చివరిది చేయి చాపితే అందేంత దూరంలో. ఓ మడమ వెనక సన్నటి వంపు గీత.

"పూజారే అమ్మాయీ! ఒక్కడే లోపలికి పోయాడుగా!" భానుప్రసాద్ చెవిలో ఊదాడు.

"పూజారి గాజులు వేసుకుంటాడా బాబాయ్?"

భానుప్రసాద్ వంగి ఆ వంపు గీతని మళ్ళీ చూశాడు.

ఆమె అందర్నీ గుహ ముందుకు పిలిచింది. బిందు, వెంకమ్మ, కాశయ్య, మంచులోంచి వచ్చిన యాత్రికులు గుమిగూడారు.

"ఏడాదిగా పడ్డ రెట్టలు పాదాల కింద అణిగినయి. అంటే పాదాలు పడింది నిరుడు కాదు, మొన్ననే. గుహ తెరిచిన పొద్దున, మీరందరూ కండ్లు మూసుకున్నప్పుడు. లోపలికి ఎవరూ పోలేదు. గుమ్మం బయట కూర్చుని చేయి చాపినరు."

మెట్టు పక్కన పోగుపోసిన ఇసుక మీద పిడికిలి పక్కకి తిప్పి అద్దింది. పైన ఐదుసార్లు వేలు గుచ్చింది. చూస్తుండగానే పసిపాదం! జనం నోళ్ళు నొక్కుకున్నారు.

"చేయి అద్దినప్పుడు గాజు తగిలి ఆ గీత పడ్డది. ఇట్ల పాదాలు అద్దే అలవాటు ఎవరి ఇండ్లల్ల..."

"నేనే!" వెంకమ్మ ముందుకొచ్చి కూలబడింది. "నేనే అద్దిన తల్లీ. మా ఇండ్లల్ల కిట్టయ్య అడుగులు గడప లోపలికే వేస్తం. లోపలికొస్తే బిడ్డ ఇంటికొచ్చినట్టు. కోడలి కడుపు చల్లగుండాలని వేసిన. ఈడ లోపలికి పోతే బిడ్డ పోయినట్టని నాకేం ఎరుక!"

"మరి చెప్పలేదేంది అత్తమ్మా?" అంది బిందు.

"ఇసుక ముట్టినోళ్ళు మల్ల కొండెక్కొద్దంట. నీ బిడ్డ పుట్టెంట్రుకలు ఈడ నా ఒళ్ళో తీయిస్తనని మొక్కిన. ఆ ఆశకు నోరు పెగలలే. నువ్వు పస్తుంటే పాపిష్టిదాన్ని చూసుకుంట కూసున్న."

కాశయ్య ఇసుక మీదికి వంగాడు. "తొందరపడి చదివిన నాదీ తప్పే. ఆ పాదాలు తీసేస్తే ఇసుకల ఏ గుర్తూ లేదు. గుర్తు లేకుంటే అమ్మ చెప్పేదేం లేదు, అంతా మంచే. కానీ వెంకమ్మా, కట్టుబాటు కట్టుబాటే. మల్ల కొండెక్కొద్దు."

వెంకమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, అమ్మకి చివరి దండం పెట్టి మెట్లవైపు నడిచింది. నాలుగు మెట్లు దిగేసరికి బిందు చేయి పట్టుకుని ఆపింది. దోసకాయ తీసి, గోటితో చీల్చి, ఓ సగం అత్త చేతిలో పెట్టింది. రెండో సగం తను కొరికింది.

"పుట్టెంట్రుకలు కొండ కిందనే తీయిద్దాం అత్తమ్మా," అంది నములుతూ. "మీ ఒళ్ళోనే."

వెంకమ్మ ఏడుస్తూనే తన సగం తినడం మొదలుపెట్టింది.