మోహా మీసం

"ఒరేయ్ మోహా, కదలకురా! మీసం వంకర పోతోంది!"

బక్రీద్ మర్నాడు. ఆ ఊళ్లో పిల్లలు మేకతోళ్లు కప్పుకుని, మొహాలకి మసి పూసుకుని, దొరికినవాళ్లనల్లా బెదరగొట్టే రోజు. పదేళ్ల ఇట్టో అప్పటికే దయ్యంలా ఉంది. తమ్ముడు మోహాకే నలుపు చాల్లేదు. అందుకని యామ్నా పిన్ని ఆపిల్ తోటలోకి దూరి, కాలవలోంచి తీసి గట్టున పెట్టిన సంచిలోంచి ఇంత తడి బొగ్గు తెచ్చింది.

అంతలో పిన్నే వచ్చింది. దేనికైనా పకపకా నవ్వే మనిషి, ఇప్పుడు నవ్వలేదు.

"ఇట్టో, ఈ బొగ్గు ఎక్కడిదే? గోడ పక్కదా, కాలవలోంచి తీసిందా?"

గోడ పక్కది కొత్తది. కాలవలోది ముట్టుకోవద్దని పిన్ని ఎన్నిసార్లు చెప్పిందో! 'గోడ పక్కది' అనేస్తే తిట్లు తప్పుతాయి. ఇట్టో నోరు తెరిచింది. మోహా పెదవి చివర నల్లటి చుక్క కనిపించింది.

"కాలవలోది, పిన్నీ."

అంతే! పిన్ని వాణ్ని చంకనేసుకుని పరుగు. సబ్బుతో మొహం కడిగి, నోరు పుక్కిలింపించి, ఆస్పత్రికి తీసుకెళ్లింది.

"మింగలేదుగా? వెంటనే కడిగి మంచి పని చేశారు" అంది నర్సమ్మ.

"నా మీసం పోయింది!" అని మోహా ఒకటే ఏడుపు.

ఇంటికొచ్చాక పిన్ని కొత్త బొగ్గుముక్క ఒకటి, భూతద్దం ఒకటి ఇట్టో చేతిలో పెట్టింది.

"కొండ మీద పాత గని ఉందిగా, వానొస్తే అక్కడి సీసం కాలవలోకి దిగుతుంది. అది విషం. అందుకే ఆపిల్ కొమ్మల్ని గాలి తగలకుండా మాడ్చి, ఈ బొగ్గుని సంచుల్లో పోసి, సీసాన్ని పట్టుకోవడానికి నీళ్లకి అడ్డం పెడతాం."

ఇట్టో చూసింది. కన్నాలు. కన్నాల్లో మళ్లీ కన్నాలు. గోరంత ముక్కలో ఊరంత ఊరు!

"సీసాన్ని ఇదా పట్టుకునేది? చేతుల్లేవు, కాళ్లు లేవు!"

"అయినా పట్టుకుంటుంది. మీ నోట్లోకి రాకుండా."

"కాలవలోదాన్లో సీసం కనపడలేదేం, పిన్నీ?"

"కనపడితే ఇంత భయం ఎందుకే?"

ఇట్టో భూతద్దాన్ని బొగ్గుకి ఇంకా దగ్గరగా జరిపింది.

సాయంత్రం పిల్లలమూక తోట దగ్గరికి వచ్చిపడింది. "ఇట్టో, మసి కావాలి! మీ పిన్ని సంచులున్నాయిగా!"

ఇట్టో చేతులు చాపి సంచులకి అడ్డం నిలబడింది.

"వాటి జోలికెళ్లకండి. అవి పనిలో ఉన్నాయి. నాతో రండి."

అందర్నీ తన వంటింట్లోకి లాక్కెళ్లి, అడుగంతా మసి పట్టిన టీ కెటిల్ బోర్లించింది. చూస్తుండగానే ఇల్లంతా దయ్యాలు!

కాసేపటికి ఇట్టో వాళ్లమ్మ గొంతు వినిపించింది.

"అమ్మో! నా కెటిల్ ఇంత తళతళా ఎవరు తోమారే?"